టైర్ల ఖర్చు దుబారా కాదు

గత నవంబరులో ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకొని మేము మదరసా వరండాలో పిల్లల పరీక్షా పత్రాలు దిద్దుతుండగా, మా పాత మిత్రులొకరు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆయన ముఖంలో కోపం, కోపాన్ని మించిన బాధ కనిపించాయి. "మౌలానా సాబ్, మావాడికి మీరే బుద్ధి చెప్పాలి. తండ్రి మాట వినే రోజులు పోయాయి" అన్నారు.

ఆయన కుమారుడు చిన్నతనంలో మా దగ్గరే చదువుకున్నాడు. తరువాత ఇంజనీరింగు పూర్తిచేసి కెనడా వెళ్లాడు. ఇప్పుడు ఒట్టావా నగరంలో భార్యతో, రెండేళ్ల కూతురితో కాపురముంటున్నాడు. ఇక్కడ ఇంటి పైఅంతస్తుకు శ్లాబు వేసే పని సగంలో ఉంది. ఆ నెల రావలసిన డబ్బు కోసం మేస్త్రీ ఎదురుచూస్తున్నాడు. అంతలో కుమారుడు ఫోను చేసి, కారుకు టైర్లు కొనాలి గనుక ఈ నెల డబ్బు పంపలేనని చెప్పాడట.

"టైర్లు పాడయ్యాయా అంటే లేదంటాడు. వేసవిలో కారు కొన్నప్పుడు అన్నీ కొత్తవే ఉన్నాయట. వాటిని విప్పి మూలన పెట్టి, ఇంకో నాలుగు కొంటాడట. రిమ్ములతో కలిపి వెయ్యి డాలర్ల పైమాటేనట! మన లెక్కలో అరవై వేలు. ఇది ఇస్రాఫ్ కాక మరేమిటి?" అని ఆయన అడిగారు.

పాఠకులతో దాపరికమెందుకు? మాకూ ఆ క్షణాన అది దుబారాగానే తోచింది. మేము పుట్టి పెరిగిన ఊళ్లో మే నెల ఎండకు తారు కరగడం చూశామేగాని, రోడ్డుమీద మంచు పేరుకోవడం ఎన్నడూ చూడలేదు. అరిగి, పగిలి, రెండుసార్లు పంక్చరు పడితేగాని టైరు మార్చని మనుషులం మేము. ఆ రాత్రి ఇషా తరువాత ఫోను చేసి, పొదుపు గురించి, తల్లిదండ్రుల హక్కుల గురించి ఆ అబ్బాయికి పది నిమిషాలు ఉపదేశించాము. వాడు అడ్డు రాకుండా విన్నాడు. చివరకు, "ఉస్తాద్‌జీ, మీరు చెప్పినవన్నీ నిజమే. ఒక్కమాట మాత్రం వినండి. నా కారుకున్నవి వేసవి టైర్లు. మొన్న తెల్లవారుజామున డ్యూటీ నుండి వస్తూ ఎర్రదీపం దగ్గర బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. కూడలి మధ్యదాకా జారుకుంటూ పోయింది. ఎదురుగా ఏ బండీ రాలేదు గనుక ఈరోజు మీతో మాట్లాడుతున్నాను. ఈ సంగతి అబ్బాజాన్‌కు చెప్పలేదు. అమ్మీ భయపడుతుందని" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. తెలియని విషయంపై తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో పిల్లలకు ఏళ్లతరబడి బోధించే మేమే ఆ తప్పు చేశాము. తరువాతి కొన్ని రోజులు ఆ అబ్బాయిని అడిగి, అక్కడ ఏళ్లుగా ఉంటున్న మన వారిని అడిగి, విషయం తెలుసుకున్నాము. మన తెలుగు కుటుంబాల పిల్లలు నేడు ఎందరో టొరంటోలో, షికాగోలో, జర్మనీ నగరాలలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు ఈ పత్రిక చదువుతారు. అందుకే ఈ మాసపు శీర్షికను ఈ విషయానికే కేటాయించాము.

రబ్బరుకూ చలి పడుతుంది

డిసెంబరు చలికి మన ఇళ్లలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. అదే నూనె వేసవిలో నీళ్లలా ఉంటుంది. నూనె మారలేదు, దాని స్థితి మారింది. టైరు రబ్బరు సంగతీ ఇటువంటిదే. వేసవి టైరు రబ్బరును వేడి రోడ్డును తట్టుకునేలా గట్టిగా తయారుచేస్తారు. వాతావరణం సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పోయేకొద్దీ ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. టైరు రోడ్డును పట్టుకునేది మెత్తదనంతోనే. రోడ్డుపై కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లలోకి రబ్బరు ఒదిగినప్పుడే పట్టు దొరుకుతుంది. బిగిసిన రబ్బరు ఒదగదు, జారుతుంది. అంటే మంచు కురవకపోయినా, ఒట్టి చలికే వేసవి టైరు పట్టు తగ్గిపోతుంది. ఒట్టావాలో జనవరి రాత్రులు సున్నాకు 15 డిగ్రీలు దిగువకు పోవడం మామూలే.

శీతాకాలపు టైరుకు వాడే రబ్బరు మిశ్రమం వేరు. అది గడ్డకట్టే చలిలో సైతం మెత్తగా ఉంటుంది. అదే గుణం వేసవిలో దోషమవుతుంది. వేడి రోడ్డుపై ఆ టైరు త్వరగా అరిగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. అందుచేతనే అక్కడివారు ఏడాదికి రెండుసార్లు టైర్లు మారుస్తారు. ఇది మన ఇంట్లో చలికాలం రజాయి తీసి, వేసవిలో మడిచి పెట్టడం వంటిదే. ఒకటి ఉండగా రెండవది ఎందుకని రజాయి విషయంలో మనమెవరమూ అడగము.

రెండవ తేడా టైరు పైభాగంలో ఉంటుంది. మదరసా వజూఖానాలో తడినేలపై అరిగిన హవాయి చెప్పులతో నడిచి జారిపడిన పిల్లలను మేము ఎందరినో లేవదీశాము. అడుగున గీతలున్న కొత్త చెప్పు అంతగా జారదు. శీతాకాలపు టైరులో లోతైన గాడులే కాక, ఒక్కొక్క రబ్బరు దిమ్మెపై బ్లేడుతో కోసినట్లు వందలాది సన్నని చీలికలుంటాయి. టైరు తిరుగుతున్నప్పుడు అవి విచ్చుకుని ఎన్నో అంచులుగా మారి మంచును కరచి పట్టుకుంటాయి. లోతైన గాడులు మంచును తమలో ఇముడ్చుకుంటాయి. మంచు మంచుకు బాగా అతుక్కుంటుంది గనుక, గాడులలో చిక్కిన మంచు రోడ్డుమీది మంచును పట్టుకుని బండికి ఆధారమవుతుంది.

ఆగే దూరం ఎంత?

భౌతికశాస్త్రం తెలిసిన మా సహోపాధ్యాయులొకరు మాకు ఒక లెక్క వేసి చూపారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, పొడి తారురోడ్డుపై బ్రేకు పడిన తరువాత సుమారు 12 మీటర్లలో ఆగగలదు. గట్టిపడిన మంచుపై అదే కారుకు 40 మీటర్లు పట్టవచ్చు. నున్నని ఐసుపై ఆ దూరం 100 మీటర్ల దగ్గరకు పోతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గ్రహించి కాలు బ్రేకుపై పెట్టేలోగా సాగిపోయే దూరం ఇందులో చేరలేదు. టైరును బట్టి, రోడ్డును బట్టి ఈ అంకెలు మారతాయిగాని, తేడా ఎంతటిదో వీటివల్ల అర్థమవుతుంది. కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. భార్యాబిడ్డల ప్రాణాలు ఆ నాలుగు అరచేతులపై ఆధారపడి ఉంటాయి.

ఇంకొక సంగతి మమ్ములను ఆశ్చర్యపరచింది. చలి ఎంత ఎక్కువైతే రోడ్డు అంతగా జారుతుందని మేము అనుకున్నాము. నిజానికి సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఐసే అన్నిటికంటే ప్రమాదకరం. దాని ఉపరితలంపై పలుచని నీటిపొర ఉంటుంది. సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఐసు అంతగా జారదు. కాబట్టి చలికాలం మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులలో ఎక్కువ జాగ్రత్త కావాలి. తారు నల్లగా కనిపిస్తుంటే రోడ్డు పొడిగా ఉందనుకుంటాము. దానిపై అద్దం వంటి ఐసు పరచుకుని ఉండవచ్చు.

కొనేటప్పుడు ఏమి చూడాలి?

అక్కడి దుకాణాలలో ముఖ్యంగా మూడు రకాల టైర్లు చలికాలం కోసం చూపుతారు. మొదటిది ఆల్ సీజన్. పేరు అన్ని రుతువులదైనా, తీవ్రమైన చలికి అది చాలదు. కొత్తగా వెళ్లినవారు పేరు చూసి మోసపోయేది ఇక్కడే. రెండవది ఆల్ వెదర్. పేరులో తేడా చిన్నదే అయినా పనిలో తేడా పెద్దది. వీటిలో మంచు పరీక్షలో నెగ్గిన గుర్తు ఉంటుంది, ఏడాది పొడవునా వాడుకోవచ్చు. చలి ఓ మోస్తరుగా ఉండి, మంచు అప్పుడప్పుడు మాత్రమే కురిసే ప్రాంతాలవారికి, రెండో జత దాచుకునే చోటు లేనివారికి ఇవి తగినవి. మూడవది అసలైన శీతాకాలపు టైరు. ఒట్టావా వంటి చోట, రోజూ తెల్లవారుజామున ప్రయాణించవలసినవారికి ఇదే సరైనది.

టైరు పక్కభాగంపై గుర్తులుంటాయి. ఎం, ఎస్ అనే రెండు ఆంగ్లాక్షరాలుంటే బురదకు, మంచుకు అనువైన గాడులున్నాయని తయారీదారు చెప్పుకున్నట్లు. దాని వెనుక మంచుపై జరిపిన పరీక్ష ఉండనవసరం లేదు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచుపువ్వు ఉంటే, ఆ టైరు గట్టిపడిన మంచుపై నిర్ణీత పరీక్షలో నెగ్గిందని అర్థం. చూడవలసినది ఈ కొండ గుర్తునే. అయితే ఆ పరీక్ష మంచుపై జరిగేదేగాని ఐసుపై జరిగేది కాదు. కొండ గుర్తు ఉందిగదా అని వేగం పెంచరాదు.

టైరుపై నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 3224 అని ఉంటే 2024వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. డబ్బు కలిసివస్తుందని పాత టైర్లు కొనేవారు ఈ సంఖ్యను తప్పక చూడాలి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మెత్తదనం పోతుంది. గాడుల లోతు కూడా కొలిపించాలి. చాలా దేశాల చట్టాలు 1.6 మిల్లీమీటర్ల లోతును కనీస పరిమితిగా పెట్టాయి. కాని మంచులో 4 మిల్లీమీటర్లకు దిగువన పట్టు బాగా తగ్గిపోతుంది. ఆస్ట్రియా దేశం శీతాకాలపు టైర్లకు 4 మిల్లీమీటర్లనే చట్టబద్ధమైన కనీసంగా నిర్ణయించింది.

పరిమాణం, మోయగల బరువు ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితంపై రాసి ఉంటుంది. దానిని ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్లడం మంచిది.

రెండు కాదు, నాలుగు

పొదుపు చేయాలనే ఆలోచనతో కొందరు ముందు చక్రాలకు మాత్రమే శీతాకాలపు టైర్లు వేయిస్తారు. ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్లే కారైతే ఆ రెండూ చాలునని వారి తర్కం. ఇది చాలా ప్రమాదకరమైన పొదుపు. మలుపులో ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనుక చక్రాలు జారిపోతాయి. కారు బొంగరంలా తిరుగుతుంది. టైర్లు మారిస్తే నాలుగూ మార్చాలి.

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద కార్లున్నవారు తమకు ఈ టైర్లు అక్కరలేదనుకుంటారు. ఆ బలం కారు కదలడానికి ఉపకరిస్తుంది. ఆగడానికి ఉపకరించదు. ఆపేటప్పుడు ఏ కారైనా టైరు పట్టుమీదే ఆధారపడుతుంది.

గాలి సంగతి కూడా మరువరాదు. సుమారు ప్రతి 5, 6 డిగ్రీల చలికి టైరులో ఒక పౌండు గాలి ఒత్తిడి తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిమిలో 33 పౌండ్లు నింపిన టైరు, సున్నాకు 15 డిగ్రీలు దిగువన 27కు పడిపోగలదు. పంక్చరు లేకపోయినా గాలి తగ్గుతుందన్నమాట. చలికాలంలో నెలకొకసారైనా, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవాలి.

పొరుగువారి హక్కు, దేశపు చట్టం

శీతాకాలపు టైరు చరిత్ర కూడా ఆసక్తికరమైనది. 1934లో ఫిన్లాండు దేశపు కంపెనీ ఒకటి లారీల కోసం మొదటి శీతాకాలపు టైరును తయారుచేసింది. నేడు దానినే నోకియన్ టైర్స్ అంటారు. 1936లో అదే కంపెనీ కార్ల కోసం హక్కపెలిట్టా అనే టైరును తెచ్చింది. తరువాతి కాలంలో ఐసును గుచ్చి పట్టుకునేందుకు టైర్లలో చిన్న చిన్న ఇనుప మొలలు అమర్చడం వ్యాపించింది. ఐసుపై అవి బాగా పనిచేస్తాయి. కాని మంచు లేని రోడ్డును గీకి పాడుచేస్తాయి. జపాను ఉత్తర ప్రాంతాలలో ఈ మొలలు రేపిన రోడ్డు ధూళి గాలిని కలుషితం చేసి, దారినపోయేవారి ఆరోగ్యానికే ముప్పు తెచ్చింది. దానితో 1990లో ఆ దేశం వాటిని కట్టడి చేస్తూ చట్టం చేసింది. మన సౌకర్యం పొరుగువారి ఊపిరికి అడ్డు కాకూడదన్నదే ఆ చట్టపు సారం. ఆ తరువాత మొలలు లేకుండానే ఐసును పట్టుకునే మెత్తని రబ్బరు టైర్లు అక్కడ బాగా వాడుకలోకి వచ్చాయి. కెనడాలోని దక్షిణ ఒంటారియో వాసులకు మొలల టైర్లు వాడే అనుమతి లేదు. కాబట్టి కొనేముందు స్థానిక నియమం తెలుసుకోవాలి.

నియమాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉన్నాయి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో నమోదైన కార్లకు డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో అనేక రహదారులపై అక్టోబరు 1 నుండే నియమం అమలవుతుంది. జర్మనీలో తేదీలు లేవు. రోడ్డుపై మంచు, ఐసు ఉన్నప్పుడు తగిన టైర్లు లేకుండా నడపరాదు. 2024 అక్టోబరు 1 నుండి అక్కడ కొండ గుర్తున్న టైర్లకే గుర్తింపు. మన అబ్బాయి ఉన్న ఒట్టావా ఒంటారియోలో ఉంది. అక్కడ ఈ నిర్బంధం లేదు. నది దాటితే క్విబెక్ రాష్ట్రం, అక్కడ నిర్బంధం ఉంది. నదికి ఈవల కురిసే మంచు, ఆవల కురిసే మంచు ఒక్కటే. చట్టం అడగలేదు గనుక అవసరం లేదనుకోవడం తెలివి కాదు. ఒంటారియోలో శీతాకాలపు టైర్లు వేయించినవారికి 2016 జనవరి 1 నుండి భీమా కంపెనీలు కొంత రాయితీ ఇవ్వవలసి ఉంది. మన అబ్బాయికి ఈ సంగతి తెలియదు. మేము చెప్పిన తరువాత అడిగి రాయితీ పొందాడు.

ఖర్చు లెక్క

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఇది దుబారాయేనా? అవసరం లేనిచోట ఖర్చు పెట్టడం, అవసరాన్ని మించి పెట్టడం దుబారా. రెండు జతల టైర్లున్నప్పుడు ఒక జత నడుస్తుంటే రెండవది విశ్రాంతిలో ఉంటుంది. వేసవి టైర్లు ఏడాదిలో కొన్ని నెలలు అరగవు గనుక అంతమేరకు ఎక్కువ కాలం మన్నుతాయి. అంటే ఆ వెయ్యి డాలర్లలో కొంత భాగం రేపటి ఖర్చును ఈరోజు పెట్టడమే. వేరే రిమ్ములు కొనడం కూడా ఆడంబరం కాదు. వాటివల్ల ఏటా రెండుసార్లు టైరును రిమ్మునుండి ఊడదీసి ఎక్కించే కూలి తగ్గుతుంది. విప్పిన టైర్లను కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చల్లని చోట ఉంచితే అవి కొన్ని శీతాకాలాలు పనికివస్తాయి. ఖరీదైన అలంకారపు రిమ్ములు కొంటే మాత్రం అది దుబారాయే. ఆ అబ్బాయి కొనాలనుకున్నవి సాదా ఇనుప రిమ్ములు.

టైర్లు మార్చినంత మాత్రాన మనిషి బాధ్యత తీరదు. వేగం తగ్గించాలి, ముందు బండికి ఎంతో దూరం పాటించాలి, కారు పైకప్పుమీద, అద్దాలమీద ఉన్న మంచును పూర్తిగా తుడవాలి, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ప్రయాణం మానుకోవాలి. చేయగలిగినదంతా చేసిన తరువాత దైవంపై భారం వేయడమే తవక్కుల్. ఏమీ చేయకుండా భారం వేయడం సోమరితనానికి పెట్టుకున్న మంచిపేరు.

విదేశాలలో పిల్లలున్న తల్లిదండ్రులకు మా మనవి ఇది. అక్టోబరు నెల రాగానే "డబ్బు ఎప్పుడు పంపుతావు" అనే ప్రశ్నకు ముందు "చలికి బండి సిద్ధం చేసుకున్నావా" అని అడగండి. వారు మనతో అన్నీ చెప్పరు. మనం బాధపడతామని కొన్ని, కోప్పడతామని కొన్ని దాచుకుంటారు. పిల్లలకు కూడా ఒక మాట. టైర్లు కొనాలి అని మాత్రమే చెబితే ఇక్కడివారికి అర్థం కాదు. మంచు ఎలా ఉంటుందో, బండి ఎలా జారుతుందో వివరంగా చెప్పండి. దాచిన నిజం వల్లనే ఆ ఇంట్లో తండ్రికి కొడుకుపై అపోహ కలిగింది.

మరుసటి శుక్రవారం జుమా తరువాత మేము మిత్రుని ఇంటికి వెళ్లాము. కుమారుని అనుమతితోనే కూడలిలో జరిగినది చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి మేస్త్రీకి ఫోను చేసి, "శ్లాబు ఫిబ్రవరిలో చూద్దాం భాయ్" అన్నారు. ఆ వెంటనే కొడుక్కు ఫోను కలిపి అడిగిన మొదటి మాట, "నాలుగూ తీసుకుంటున్నావా, రెండేనా?" అని. మేము చెప్పినది ఆయనకు బాగానే గుర్తుంది.

వారం తరువాత టైరు పక్కభాగం ఫోటో వచ్చింది. మిత్రులు కళ్లద్దాలు సవరించుకుని కొండ గుర్తును వెదికి పట్టుకున్నారు. తయారీ వారం అంకెలు మాత్రం మా ఇద్దరికీ కనిపించలేదు. అవి టైరుకు రెండవ పక్కన ఉన్నాయట. ఆ ఫోటో కూడా పంపమని కొడుకును అడిగారు.